పలక, బలపం, మోచెయ్యి

చిత్తూరు నాగయ్యగారి ‘త్యాగయ్య’ 1946లో వచ్చింది. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే, త్యాగయ్యా ఆయనే. అంతకుముందు పోతన, ఆ మరుసటేడు వేమన కూడా ఆయనే. మహనీయుల కథలు తెరకెక్కించడంలో తెలుగువాళ్ళకి తొలినాళ్ళలోనే అలా చెయ్యి తిరిగింది. ఆ పనిలో ఒక పెద్ద సౌకర్యం ఉంది. త్యాగయ్య గొప్పవాడని పక్క పాత్ర చేత చెప్పించక్కర్లేదు. నాగయ్యగారు కళ్ళు మూసుకుని ఒక కీర్తన ఎత్తుకుంటే ఆ గొప్పదనం నేరుగా ప్రేక్షకుడి చెవిలో పడుతుంది. పోతన పద్యమైనా, తర్వాతెప్పుడో 1997లో వచ్చిన అన్నమయ్య పదమైనా అంతే. ఆ మనిషి చేసిన పనే సినిమాలో ఉంటుంది, పనిని గురించిన కబురు కాదు.

త్యాగయ్య బతికిన తిరువైయారుకి దిగువన, అదే కావేరి సీమలో కుంభకోణం ఉంది. అక్కడి సారంగపాణి సన్నిధి వీధిలో పెరిగిన శ్రీనివాస రామానుజన్ మీదా సినిమాలు వచ్చాయి. అయితే ఆయన సిద్ధాంతాన్ని ఏ నటుడు పాడగలడు?

నేను నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. 2012 నుంచి రామానుజన్ పుట్టినరోజు, డిసెంబరు 22, జాతీయ గణిత దినోత్సవం అయింది కదా. కాలేజీల్లో దానికో తంతు స్థిరపడిపోయింది. పొద్దున గేటు దగ్గర పై (π) గుర్తుతో, ఫిబొనాచ్చి చుట్టతో ముగ్గులు. తర్వాత క్విజ్. ఆపైన ఒక ముఖ్య అతిథి వచ్చి ‘గణితం సర్వశాస్త్రాలకీ తల్లి’ అని మొదలుపెట్టి భోజనాల వేళ దాటేదాకా వదలడు. మధ్యాహ్నం సెమినార్ హాల్లో కర్టెన్లు దించి సినిమా. ఆ సినిమా ఎంచే పని నా మీద పడింది. పిల్లలతోపాటు వెనక వరసలో కూర్చుని చూసేదాన్ని. తెర కంటే వాళ్ళ తలలే ఎక్కువ చూశానేమో. ఎక్కడ నిటారుగా లేస్తాయి, ఎక్కడ ఫోన్ల మీదికి వంగుతాయి అన్నది గమనిస్తే గణితజ్ఞుల జీవితాలు సినిమాకి పనికొస్తాయా అన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అబద్ధాలు కలిపారని నా ఫిర్యాదు కాదు. కలపకుండా కథ నడవదు. మన భక్త చరిత్రల్లో కలపనిది ఎక్కడ? సినిమా అయిపోయాక ‘ఇంతకీ ఆయన రోజంతా కూర్చుని ఏం చేసేవాడు?’ అని పిల్లవాడు అడిగితే, అందుకు జవాబు సినిమాలో ఉందా లేదా అన్నదే నా కొలత.

ఈ తరహా కథలకి మూలపురుషుడు సినిమావాడు కాదు, లెక్కల ప్రొఫెసరే. కాల్టెక్‌లో పనిచేసిన ఇ.టి. బెల్ 1937లో ‘మెన్ ఆఫ్ మేథమెటిక్స్’ అని ఒక పుస్తకం రాశాడు. ఎందరో కుర్రాళ్ళని లెక్కల్లోకి లాగిన పుస్తకం అది. లాగడానికి బెల్ వాడిన గాలం, కథ. ఎవరిస్త్ గాల్వా సంగతే తీసుకోండి. 1832 మే 30న పారిస్‌లో ద్వంద్వయుద్ధంలో తూటా తగిలి మర్నాడు చనిపోయాడు, 20 ఏళ్ళకే. ఆ ముందు రాత్రంతా కూర్చుని, తెల్లారితే చావు తప్పదని తెలిసి, తన సిద్ధాంతమంతా గబగబా కాగితం మీద పెట్టేశాడన్నట్టు బెల్ రాశాడు. వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. నిజానికి ఆ సిద్ధాంతాన్ని గాల్వా అంతకు ఏడాది ముందే ఫ్రెంచి సైన్సు అకాడమీకి పంపాడు. అర్థం కావడం లేదని అక్కడి గణితజ్ఞుడు పువాసోఁ తిప్పికొట్టాడు. ఆఖరి రాత్రి చేసింది స్నేహితుడు షెవాలియేకి ఉత్తరం రాయడం, పాత కాగితాల్లో దిద్దుబాట్లు చేసుకోవడం. టోనీ రోత్‌మన్ 1982లో ఈ లెక్కంతా తేల్చాడు. అయినా ఆ రాత్రి పోలేదు. గణితజ్ఞుడు అంటే కాలం మించిపోతున్నవాడు, లోకం గుర్తించనివాడు, తొందరగా పోయేవాడు. ఈ అచ్చులోకి సరిపోయినవాళ్ళకే తర్వాత సినిమా యోగం పట్టింది.

అచ్చు మారిందల్లా చావు బదులు పిచ్చి వచ్చినప్పుడు. ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ 2001లో వచ్చింది. దర్శకుడు రాన్ హోవర్డ్, జాన్ నాష్‌గా రస్సెల్ క్రో. ఉత్తమ చిత్రంతో కలిపి 4 ఆస్కార్లు. మా హాల్లో దీనికి పడినన్ని ఈలలు మరి దేనికీ పడలేదు. ఇంటర్వెల్ దగ్గర ఇంతసేపూ మనం చూసిన స్నేహితుడు అసలు లేడని తెలుస్తుందే, అప్పుడు. నిజం నాష్‌కి మనుషులు కనిపించలేదు, గొంతులు వినిపించాయి. గొంతుల్ని ఫొటో తియ్యలేరు కాబట్టి మనుషుల్ని పెట్టారు. 1963లో భార్య ఆలీసియా విడాకులు తీసుకోవడం, సినిమా వచ్చిన ఏడే మళ్ళీ పెళ్ళిచేసుకోవడం కథలో లేవు. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్లు వరసగా వచ్చి ఆయన బల్లమీద పెన్నులు పెట్టే సీను పూర్తిగా కల్పితం. నాష్ 1970 తర్వాత మందులు వేసుకోలేదు. సినిమాలో మాత్రం కొత్త మందులు వాడుతున్నానంటాడు. ఇది చూసి రోగులు మందులు మానేస్తారేమోనని అలా మార్చారంటారు. ఆ భయం సమంజసమే, నేను తప్పు పట్టను.

కానీ లెక్క? నాష్ 1950లో ఇచ్చిన పీహెచ్‌డీ గ్రంథం 28 పేజీలు. ఆ 28 పేజీలకే 1994లో నోబెల్. దాన్ని సినిమా ఒక బార్‌లో చూపిస్తుంది. నలుగురు కుర్రాళ్ళు, ఒక బంగారు జుట్టు అందగత్తె, ఆమె స్నేహితురాళ్ళు. అందరూ అందగత్తె వెంట పడితే ఒకరికొకరు అడ్డం. తర్వాత స్నేహితురాళ్ళ దగ్గరికి వెళ్తే రెండో ఎంపిక అయ్యామని వాళ్ళూ పొమ్మంటారు. కాబట్టి అందగత్తెని అందరూ వదిలేసి తలా ఒక స్నేహితురాలి దగ్గరికి వెళ్తే అందరికీ లాభం. నాష్ కళ్ళు మెరుస్తాయి, కాగితాలు ఏరుకుని పరుగు.

ఒక ఏడాది సినిమా అయ్యాక ఫైనలియర్ అమ్మాయి ఒకతి లేచింది. “మేడమ్, మిగతా ముగ్గురూ స్నేహితురాళ్ళ దగ్గరికి పోయారని తెలిశాక నాలుగోవాడు ఆ అమ్మాయి దగ్గరికి ఎందుకు పోడు? ఇప్పుడు వాడికి అడ్డమెవరున్నారు?” హాలంతా నవ్వింది. నేను మాత్రం డస్టరు తీసుకుని బోర్డు తుడిచాను. ఆ అమ్మాయి పట్టుకున్నది అసలు నిర్వచనాన్నే. మిగతావాళ్ళు తమ పట్టు మీద ఉండగా ఏ ఒక్కడూ తానొక్కడే మారి లాభపడలేని స్థితిని నాష్ సమతుల్యం అంటారు. సినిమాలో చూపించిన ఏర్పాటు సమతుల్యం కానే కాదు, నలుగురిలో ఎవడైనా దాన్ని తప్పి బాగుపడగలడు. ఒకడు అందగత్తె దగ్గరికి, ముగ్గురు స్నేహితురాళ్ళ దగ్గరికి పోతే అది సమతుల్యం. ఎవడు ఆ ఒక్కడు అన్నది వేరే గొడవ. ఆ సాయంత్రం ఆరుదాకా బోర్డు ఖాళీ కాలేదు. 4 ఆస్కార్ల సినిమా సిద్ధాంతాన్ని తప్పు చెప్పబట్టి మా పిల్లలకి సిద్ధాంతం వచ్చింది. అందుకని ఆ సినిమా మీద నాకు అభిమానం పోలేదు.

ఇంకొక మాట. ఆ సినిమాలో లెక్కలు రాసే చెయ్యి కొన్నిచోట్ల రస్సెల్ క్రోది కాదు, గణిత సలహాదారుగా ఉన్న బర్నార్డ్ కాలేజీ ప్రొఫెసర్ డేవ్ బాయర్‌ది. చాక్‌పీసు పట్టుకునే తీరులో అలవాటు తెలిసిపోతుంది, నటించడం కష్టం. కిటికీ అద్దాల మీద సమీకరణాలు రాయడం మాత్రం సినిమావాళ్ళ సరదా. ఇన్నేళ్ళలో అద్దం మీద లెక్క చేసినవాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. చేస్తే మా హాస్టల్ వార్డెన్ ఫైన్ వేసేవాడు.

‘ది ఇమిటేషన్ గేమ్’ (2014) మీద నాకా ఔదార్యం లేదు. ఎలన్ ట్యూరింగ్ జర్మన్ల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించిన కథ. ఎనిగ్మాలోకి మొదట దారి చేసింది పోలండ్ గణితజ్ఞులు రెయెవ్‌స్కీ, రూజిట్‌స్కీ, జిగాల్‌స్కీ. 1932లోనే. వాళ్ళు సినిమాలో ఒక మాటలో దాటిపోతారు. యంత్రానికి చిన్ననాటి స్నేహితుడి పేరు క్రిస్టఫర్ అని పెట్టుకున్నట్టు చూపించారు. నిజంలో మొదటి యంత్రం పేరు విక్టరీ. అవి సరే, పోనిద్దాం. ఒక సోవియట్ గూఢచారి ఎవరో తెలిసి కూడా, తన రహస్యం బయటపడుతుందన్న భయంతో ట్యూరింగ్ నోరు మూసుకున్నట్టు కల్పించారు. 1952లో స్వలింగ సంపర్కం నేరమని శిక్ష వేసి, 41 ఏళ్ళకే పోయేలా చేసిన దేశంలో, 2013లో రాణి క్షమాభిక్ష ఇచ్చిన మరుసటేడే ఈ సినిమా ఆ మనిషి మీద దేశద్రోహం నీడ వేసింది. కథ కోసం ఏదైనా కలపవచ్చన్న నా మాటకి ఇక్కడ హద్దు ఉంది.

అదే ట్యూరింగ్ మీద హ్యూ వైట్‌మోర్ 1986లో ‘బ్రేకింగ్ ది కోడ్’ అని నాటకం రాశాడు. 1996లో బీబీసీ దాన్ని టెలివిజన్ సినిమాగా తీసింది, రెండింట్లోనూ ట్యూరింగ్ డెరెక్ జాకోబీ. ఎనిగ్మా పని జరిగిన బ్లెచ్లీలో ఉద్యోగానికి వచ్చినప్పుడు ‘మీరు రాసిన ఆ పేపరు ఏమిటి’ అని ముసలి అధికారి అడుగుతాడు. ట్యూరింగ్ నత్తితో, తడబడుతూ మొదలుపెడతాడు. ఏ గణిత వాక్యమైనా నిజమో కాదో తేల్చే ఒకే యాంత్రిక పద్ధతి ఉందా అని హిల్బర్ట్ అడిగిన ప్రశ్న, లేదని తాను 1936లో చూపించిన తీరు. సంగీతం లేదు, గాల్లో తేలే అంకెలు లేవు. కుర్చీలో ఒక మనిషి, ఎదురుగా ఒక మనిషి. చెప్పేకొద్దీ నత్తి తగ్గుతుంది. ఈ ఘట్టం దగ్గర మా పిల్లలు ఫోన్లు తియ్యకపోవడం చూసి నేనే ఆశ్చర్యపోయాను. వాళ్ళకి అంతా అర్థమైందని కాదు. ఎదుటివాడు తనకి ప్రాణమైనదాన్ని వివరిస్తున్నాడని అర్థమైంది.

అదే 1996లో, అదే బీబీసీ సైమన్ సింగ్ చేత ఫెర్మా చివరి సిద్ధాంతం మీద ఒక డాక్యుమెంటరీ తీయించింది. గణితజ్ఞుల మీద వచ్చిన సినిమాల్లో నటులు లేని ఇదే నాకు అన్నిటికంటే పైన. ఆండ్రూ వైల్స్ ఏడేళ్ళు మేడమీది గదిలో ఎవరికీ చెప్పకుండా పనిచేసి 1993 జూన్‌లో కేంబ్రిడ్జిలో రుజువు ప్రకటించాడు. తర్వాత అందులో కంత బయటపడింది. శిష్యుడు రిచర్డ్ టేలర్‌తో కలిసి ఏడాదికి పైగా తంటాలు పడ్డాడు. 1994 సెప్టెంబరు 19 పొద్దున దారి తట్టింది. ఆ పొద్దుటి గురించి చెప్పబోయి ఆయన గొంతు పూడుకుపోతుంది, మొహం తిప్పుకుంటాడు. కెమెరా కదలదు. ఏ సమీకరణానికి ఆ కన్నీళ్ళో చూసేవాడికి తెలియదు. తెలియకపోయినా ఆ లెక్క ఎంత బరువైందో తెలుస్తుంది. నాగయ్యగారు పాడినప్పుడు జరిగేదానికి చాలా దగ్గరగా వచ్చిన సినిమా ఇదే.

మధ్యలో శకుంతలా దేవి సంగతి. 2020లో విద్యా బాలన్‌తో వచ్చిన సినిమా హుషారుగా ఉంటుంది. ఆవిడ 1980లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో రెండు 13 అంకెల సంఖ్యల్ని 28 సెకన్లలో గుణించింది. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో మన మెదక్‌లో ఇందిరాగాంధీ మీద పోటీ చేసింది. మెదక్‌వాళ్ళు ఆవిడ లెక్కలకి ఎన్ని ఓట్లు వేశారన్నది వదిలేద్దాం. అయితే ఆవిడది గణన, గణితశాస్త్రం కాదు. ఆవిడ కథ తీయడం సులువైందీ అందుకే. గుణకారాన్ని వేదిక మీద చేసి చూపించవచ్చు, చూసినవాళ్ళు చప్పట్లు కొట్టవచ్చు.

రామానుజన్‌కి ఆ వీలు లేదు. ఆయన మీద ఏడాది తేడాతో రెండు సినిమాలు వచ్చాయి. 2014లో జ్ఞాన రాజశేఖరన్ తమిళ, ఇంగ్లీషు భాషల్లో తీసిన ‘రామానుజన్’. అందులో హీరో అభినయ్ వడ్డి, మన సావిత్రికీ జెమినీ గణేశన్‌కీ మనవడు. తర్వాత నాలుగేళ్ళకి అమ్మమ్మ మీద ‘మహానటి’ వచ్చి దేశమంతా ఆడింది, మనవడి సినిమా ఎంతమంది చూశారో! తల్లి కోమలతమ్మాళ్‌గా సుహాసిని. ఆ ఇంట్లో మాటలు ఇంటి మాటల్లా ఉంటాయి, పేదరికం కళ్ళకి అందంగా ఉండదు. రెండోది 2015లో మాట్ బ్రౌన్ తీసిన ‘ది మ్యాన్ హూ న్యూ ఇన్ఫినిటీ’. రాబర్ట్ కానిగల్ 1991లో రాసిన జీవితచరిత్ర ఆధారం. రామానుజన్‌ని ఇంగ్లండుకి పిలిపించిన కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీగా జెరెమీ ఐరన్స్, రామానుజన్‌గా దేవ్ పటేల్. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ ఆవరణలోనే చిత్రీకరించారు. లెక్కలు చూసుకున్నది కెన్ ఓనో, రామానుజన్ దారిలోనే పనిచేస్తున్న గణితజ్ఞుడు.

దేవ్ పటేల్ సన్నగా, పొడుగ్గా, చూడముచ్చటగా ఉంటాడు. అసలు మనిషి ఎలా ఉండేవాడో మా నెల్లూరు కలెక్టరు రాసిపెట్టాడు. 1910 ప్రాంతంలో ఇక్కడ కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావుకి లెక్కలంటే ఇష్టం, ఇండియన్ మేథమెటికల్ సొసైటీలో పెద్దమనిషి. ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు పొట్టి, లావు, గడ్డం గీసుకోలేదు, బట్టలు అంత శుభ్రంగా లేవు, చంకలో నలిగిన నోటుబుక్కు. చూడగానే కనిపించేది ఒకటే, మెరిసే కళ్ళు. పుస్తకం తెరిచి చూపిస్తే ఏమీ బోధపడక కలెక్టరుగారు మళ్ళీ రమ్మన్నాడు. కొన్ని రాకల తర్వాత నమ్మకం కుదిరి నెలనెలా సొంత డబ్బు ఇచ్చాడు. ఏం కావాలని అడిగితే, ఆలోచించుకోవడానికి తీరిక, అందుకు సరిపడా తిండి, అంతే అన్నాడట. ఊరికే తీసుకోవడం ఇష్టంలేక 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరాడు. జీతం నెలకి 30 రూపాయలు. ఆ గుమాస్తా బల్ల దగ్గర్నుంచే 1913 జనవరి 16న హార్డీకి ఉత్తరం.

సినిమాకి కావలసిన అసలు దృశ్యం ఆయన చేతిలోనే ఉంది, పలక. కాగితం కొనే స్తోమత లేదు. అరుగు మీద కూర్చుని ఒళ్ళో పెద్ద పలక పెట్టుకుని బలపంతో చరచరా రాసేవాడు. నిండగానే గుడ్డ కోసం వెతక్కుండా మోచేత్తో తుడిచేసేవాడు. మోచెయ్యి నల్లగా కాయకట్టిపోయిందట. చివరికి వచ్చిన ఫలితాన్ని మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవాడు. మెట్లన్నీ మోచెయ్యి కింద పోయాయి. నోటుబుక్కుల్లో 3 వేలకి పైగా ఫలితాలు, వాటిలో చాలావాటికి రుజువులు లేవు. నామగిరి అమ్మవారు కలలో చెప్పిందన్న మాటకి సినిమాలు పొగ, గంటలు, నేపథ్య సంగీతం అన్నీ ఇస్తాయి. ఆయన అమ్మవారిని నమ్మాడు, నిజమే. కానీ పలక మీద మెట్లు ఉన్నాయి, వాటిని తుడిచిందీ ఆయనే. తర్వాత ఇంగ్లండులో ‘రుజువేది?’ అని హార్డీ అయిదేళ్ళు అడిగిన ప్రశ్నంతా ఆ మోచేతి దగ్గర మొదలైంది. బ్రూస్ బెర్న్‌ట్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఆ తుడిచేసిన మెట్లని మళ్ళీ వేసుకుంటూ 1985 నుంచి 1998 దాకా 5 సంపుటాలు వేశాడు.

2015 సినిమాలో నాకు నచ్చింది ఈ ‘రుజువేది?’ గొడవనే కథకి వెన్నెముక చెయ్యడం. దాంతోపాటు విభజన సంఖ్యల్ని వదలకుండా పట్టుకోవడం. 4ని ఎన్ని రకాలుగా కూడికలుగా విడగొట్టవచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. అయిదు రకాలు. బడిపిల్లవాడికీ తెలిసే ప్రశ్న. 10కి 42 రకాలు. 100కి 19 కోట్ల 5 లక్షల 69 వేల 292. 200కి? శతఘ్నిదళంలో పనిచేసి వచ్చిన మేజర్ మక్‌మహన్ ఒక్కొక్క అంకే చేత్తో కూడుకుంటూ పోయి తేల్చింది 3,97,299 కోట్ల 90 లక్షల 29 వేల 388. హార్డీ, రామానుజన్ కట్టిన సూత్రంలో ఎనిమిది పదాలు కలిపితే వచ్చినదానికీ దీనికీ తేడా 0.004. సినిమాలో మక్‌మహన్‌ని మొదట నమ్మనివాడిగా పెట్టి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టేదాకా తెచ్చారు. ఆ సీనులో మా పిల్లలు ఈల వేశారు. ఒక సంఖ్యకి ఈల! ఆ సంఖ్య ఎందుకు కష్టమో ముందే వాళ్ళకి చెప్పి ఉంచారు కాబట్టి.

నచ్చనిది రామానుజన్ భార్య జానకి పాత్ర. 1909 జూలైలో పెళ్ళినాటికి ఆమెకి పదేళ్ళు. సినిమాలో ఆమె నిండు యువతి, సముద్రం ఒడ్డున విరహం. అత్తగారు ఉత్తరాలు దాచిపెట్టడం కల్పన కాదు, నిజంగానే జరిగింది. కానీ ఆ దాచిపెట్టడం ప్రేమకథకి అడ్డంగా కనిపిస్తుంది, చిన్నపిల్ల మీద పెత్తనంగా కనిపించదు.

ఇంగ్లండు రోజుల్లో నేనైతే తీసే సీన్లు రెండున్నాయి. రెండింటికీ సాక్షి ప్రశాంతచంద్ర మహలనోబిస్, అప్పుడు కింగ్స్ కాలేజీలో విద్యార్థి. ఒకటి, చలికి వణికిపోతున్నానన్న రామానుజన్ గదికి వెళ్ళి చూస్తే, మంచం మీద దుప్పట్లన్నీ పరుపు కిందికి దోపి ఉన్నట్టే ఉన్నాయి. వాటిని లాగి లోపల దూరాలని తెలియక ఆయన పైనే, ఓవర్‌కోటు వేసుకుని పడుకుంటున్నాడు. రెండోది, పొయ్యి మీద కూర కలుపుతుంటే మహలనోబిస్ ‘స్ట్రాండ్’ పత్రికలోని పొడుపు చదివాడు. ఒక వీధిలో 50కి పైన, 500కి లోపు ఇళ్ళు, ఒకటి నుంచి వరస నంబర్లు. ఒక ఇంటికి ఇవతలి నంబర్ల మొత్తం, అవతలి నంబర్ల మొత్తం సమానం. ఏ ఇల్లు? 288 ఇళ్ళ వీధిలో 204. మహలనోబిస్ దాన్ని కాసేపట్లో తేల్చాడు. గరిటె ఆపకుండా రామానుజన్ ఒక వితత భిన్నం, అంటే హారంలో మళ్ళీ భిన్నంగా సాగిపోయే భిన్నం, చెప్పాడు. దాంట్లో ఆ జవాబొక్కటే కాదు, అలాంటి వీధులన్నిటి జవాబులూ వరసగా ఉన్నాయి. ఎలా తట్టిందంటే, లెక్క వినగానే జవాబు వితత భిన్నమని తెలిసింది, ఏ భిన్నమా అని అడిగితే అదే వచ్చింది అన్నాడు. వంటింటి పొగ, గరిటె, ఒక వీధి. ఇంకేం కావాలి సినిమాకి?

దుప్పటి కప్పుకోవడం నేర్పిన ఆ మహలనోబిసే తర్వాత కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చేసి ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళిన మన సి.ఆర్. రావుగారు అక్కడే చేరారు. ఆయన పాతికేళ్ళయినా నిండకముందు ఒకరోజు క్లాసు చెబుతుంటే ఒక విద్యార్థి, గణాంకశాస్త్రజ్ఞుడు ఫిషర్ పెద్ద నమూనాలకి చెప్పింది చిన్న నమూనాలకీ చెల్లుతుందా అని అడిగాడు. రావుగారు ఆ రాత్రి ఇంట్లో కూర్చుని చేసి, మర్నాడు క్లాసులో జవాబు చెప్పారు. 1945లో అచ్చయింది, క్రామర్-రావ్ అవధి అని ప్రపంచమంతా చదువుతోంది. రాత్రికి రాత్రే సిద్ధాంతం రాసినవాడు కావాలంటే గాల్వా కంటే ఈయన అసలు సిసలు. కానీ మర్నాడు ద్వంద్వయుద్ధం లేదు, క్లాసు ఉంది. 102 ఏళ్ళు బతికి, 2023లో కన్నుమూశారు. ఆయన సినిమా ఎవరూ తియ్యరు. వాల్తేరులో పాఠాలు చెప్పిన, 1949లో ప్లేయెల్‌తో కలిసి జగమెరిగిన పేపరు రాసిన మీనాక్షిసుందరం సినిమా కూడా తియ్యరు.

ఎవరైనా తీస్తానంటే నా దగ్గర ఒక కథ మాత్రం ఉంది. 1920 ఏప్రిల్ 26న రామానుజన్ మద్రాసు చేట్‌పట్‌లో చనిపోయేనాటికి జానకమ్మకి 21 ఏళ్ళు. జ్వరంలో కూడా అడిగి అడిగి కాగితాలు ఇప్పించుకుని రాస్తూనే ఉన్నాడని ఆవిడ తర్వాత చెప్పింది. అంత్యక్రియల నాడే కొందరు వచ్చి కాగితాలు పట్టుకుపోయారనీ చెప్పింది. ఆ చివరి ఏడాది కాగితాలు మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి హార్డీకి, ఆయన నుంచి మరో గణితజ్ఞుడు వాట్సన్‌కి చేరి, వాట్సన్ చనిపోయాక ఆయన గదిలో కుప్పల మధ్య దొరికి ట్రినిటీ లైబ్రరీలో పెట్టెలో పడ్డాయి. 1976లో గణితజ్ఞుడు జార్జ్ ఆండ్రూస్ ఆ పెట్టె తెరిచి, ఇవి ఏమిటో గుర్తుపట్టాడు. గణిత ప్రపంచం ‘పోయిన నోటుబుక్కు దొరికింది’ అని సంబరపడింది.

అప్పటికి జానకమ్మ మద్రాసు తిరువల్లిక్కేణిలోనే ఉంది. బొంబాయిలో అన్నగారింట కొన్నాళ్ళుండి కుట్టుపని నేర్చుకుని, తిరిగొచ్చి బట్టలు కుట్టి, చిన్న పింఛనుతో బతికి, ఒక పిల్లవాణ్ణి పెంచి పెద్దచేసింది. విగ్రహం పెడతామన్నారు, ఎక్కడ పెట్టారు అని ఆవిడ పత్రికవాళ్ళతో అన్న మాట అమెరికాలో గణితజ్ఞుడు రిచర్డ్ ఆస్కీకి చేరింది. ఆయన దేశదేశాల గణితజ్ఞుల దగ్గర చందాలు పోగుచేసి, శిల్పి పాల్ గ్రాన్‌లండ్ చేత పాస్‌పోర్టు ఫొటో చూపించి కంచు విగ్రహాలు పోయించాడు. ఒకటి ఆవిడ ఇంటికే వచ్చింది. ఆవిడ 1994లో, 95 ఏళ్ళు నిండాక వెళ్ళిపోయింది.

ఆ సినిమా పదేళ్ళ పెళ్ళికూతురితో మొదలవ్వాలి. హార్డీకి రెండు సీన్లు చాలు, అవీ ఉత్తరాల మీద చెయ్యి మాత్రమే కనిపిస్తే చాలు. హీరో ఇంటర్వెల్‌కి చాలా ముందే చనిపోతాడు కాబట్టి నిర్మాత దొరకడమే కష్టం.